ఉప్పు అయిపోయింది

జనవరి. ఆర్నో నది మీద పొగమంచు
పదకొండు దాటినా లేవదు.
వంటింటి బల్లకి ఒక చివర నా కుట్టుమిషను,
రెండో చివర బడి.
మధ్యలో, ఎవరిదీ కాని జాగాలో,
నిన్నటి రొట్టె.

బడికి పోనంటే పోనన్న నివెస్‌కి తొమ్మిదేళ్ళు,
అక్క పోకపోతే నేనెందుకన్న దుచ్చోకి ఆరు.
జూన్‌లో పరీక్ష పెట్టేవాళ్ళు
ఇద్దర్నీ అడుగుతారు, అసలు అడిగేది నన్నే.
ఈ వారం పాఠం లియొనార్డో.
మా కిటికీలోంచి, మంచు లేని రోజున,
ఆయన పుట్టిన ఊరి కొండ కనిపిస్తుంది.
అందుకే మాకు ఆయన సంగతి ఏమీ తెలియదు.

మొదటి రోజు పుస్తకం చూసి చదివాను,
కోటుకి అస్తరు వేస్తూనే.
పుట్టిన ఏడు, పోయిన ఏడు,
నవ్వీ నవ్వని ఆ బొమ్మ.
దుచ్చో బల్లకింద దూరి
పెడలు మీద నా కాలు ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టాడు.
నూట పన్నెండు.
అదీ శాస్త్రమేలే అని ఊరుకున్నాను.

రెండో రోజు తొట్టి నిండా నీళ్ళు పట్టి
బిరడా లాగేశాను.
సుడిని గీయండి అన్నాను.
నిలవనిదాన్ని ఎలా గీస్తారంది నివెస్.
గీసింది మాత్రం. విప్పిన జడలా ఉంది.
దుచ్చో బెజ్జం ఒక్కటే గీశాడు,
నల్లగా, గుండ్రంగా, కాగితం చిరిగేదాకా.

మూడో రోజు, కొలతలకి వచ్చేవాళ్ళు చూసుకునే అద్దం
గోడమీంచి దించాను.
ఆయనది పుర్రచెయ్యి, చెప్పాను,
కుడి నుంచి ఎడమకి, అక్షరాలు తిరగేసి రాసేవాడు.
ఎవరికీ తెలియకూడదనా?
దుచ్చో కళ్ళు మెరిశాయి.
సిరా అలుక్కుపోకూడదనేమో, అన్నాను.
రహస్యం కాస్తా మరకయ్యేసరికి
వాడి మొహం వాడిపోయింది.
ఇద్దరూ రాశారు. ఎక్కువగా తిట్లే.
అద్దంలో అవి బుద్ధిగా తిన్నబడ్డాయి.

అక్రోట్లు ఒలుస్తున్న మా అత్తగారు ఫెదోరా
అంతసేపూ పెదవి విప్పలేదు.
ఇంట్లో బడి అంటే ఆవిడకి చిన్నచూపు.
ఆవిడ సన్యాసినుల బడిలో చదివింది,
చదివిందంటే, రెండేళ్ళు.
ఒళ్ళో గిన్నె కింద పెట్టింది.
పెన్సిలు ఇలా ఇయ్యి, అంది.
ఎడమ చెయ్యి చాచింది.

పదమూడేళ్ళుగా చూస్తున్నాను ఆ చేతిని.
రొట్టెని అదిమిపట్టే చెయ్యి. కోసేది ఎప్పుడూ కుడిచెయ్యే.
కుర్చీకి రుమాలుతో కట్టేసేవారట దాన్ని,
ప్రార్థనకి మాత్రం విప్పేవారట,
దేవుడికి రెండు చేతులూ కావాలి కదా.
ఇది అప్పుడు చెప్పలేదు.
రాత్రి గిన్నెలు తుడుస్తూ గోడతో అన్నట్టు అంది.
నేను అస్తరు కుడుతున్నాను.
అస్తరు తిరగేసే కుట్టాలి,
కుట్టు లోపలికి పోవాలంటే.

అప్పుడు మాత్రం, రాసింది.
కుడి అంచున బయల్దేరి,
తడుముకోకుండా, గదిలో ఎవరూ లేనట్టు.
కాలవగట్టు మీద బాతుల్లా
ఒకదాని వెనక ఒకటి పెద్దపెద్ద అక్షరాలు.
అద్దం దగ్గరికి జరిపాను.
మూడు తలలు ఆనించి చదివాం:

ఉప్పు అయిపోయింది.

డబ్బా మూత తీసి చూశాను. నిజమే.

ఆ కాగితమే పట్టుకుని దుచ్చో కొట్టుకి పరిగెత్తాడు.
అక్కడ అద్దం లేదే అని అరిచాను, వినలేదు.
కొట్టాయన దాన్ని తిప్పి దీపానికి పట్టి
వెనకవైపు నుంచి చదివేశాడట.
అద్దమే అక్కర్లేదమ్మా, అన్నాడు వీడు,
మూడు రోజుల నా చదువంతా ఒక్క ఊపున ఊడ్చేసి.
తెచ్చింది ముతక ఉప్పు.
సన్నది కదరా కావాల్సింది?
నాన్నమ్మ రాయలేదుగా.

రేపటి పాఠం ఎగరడం.
గొడుగు ఇప్పటికే కనబడటం లేదు.